అంకెకు ఒక కోడ్, బొమ్మకు ఒక కోడ్: రేడియో అయోడిన్ థైరాయిడ్ పరీక్షలకు కోడింగ్ చేసే పద్ధతి

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆస్పత్రుల చార్టులకు (రోగుల వైద్య రికార్డులకు) బీమా బిల్లుల కోసం కోడ్‌లు వేసే వారిలో చాలామంది ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ దాకా ధైర్యంగా వెళ్తారు. న్యూక్లియర్ మెడిసిన్ (రేడియోధార్మిక మందు ఇచ్చి చేసే పరీక్షల) చార్టు రాగానే పక్క సీటు వైపు చూస్తారు. అందులోనూ థైరాయిడ్ అప్‌టేక్ (గ్రంథి ఎంత అయోడిన్ తీసుకుందో కొలిచే పరీక్ష) చార్టు వస్తే వచ్చే ప్రశ్నలు ఎప్పుడూ అవే. మందు ఒక రోజు ఇచ్చి మర్నాడు కొలిస్తే కోడ్ రెండుసార్లు వేయాలా? ఆర్డర్‌లో స్కాన్ అని ఉంది, రిపోర్టులో శాతాలు ఉన్నాయి, దేన్ని నమ్మాలి? మింగించిన గుళికకు బిల్లులో వేయాల్సిన యూనిట్లు ఎన్ని?

ఆడిట్‌లో ఈ చార్టులు చూస్తూ నేను గమనించింది ఒకటే. పరీక్ష పేరు చూసి కోడ్ వేసినవారు తప్పుతారు. రిపోర్టులో అంకె ఉందా, బొమ్మ ఉందా, రెండూ ఉన్నాయా అని చూసినవారు తప్పరు. కింద రాసినదంతా ఆ చూపు అలవాటు కావడానికే.

ఒక చిన్న మనవి. కోడ్‌ల ముందుండే ఇంగ్లీషు అక్షరాలను ఇక్కడ తెలుగులో రాశాను. ఏ9516లో ఉన్నది ఇంగ్లీషు మొదటి అక్షరం, ఈ05.90లో ఉన్నది అయిదో అక్షరం. క్లెయిమ్‌లో (బీమాకు పంపే బిల్లులో) మాత్రం ఇంగ్లీషు అక్షరమే టైప్ చేయాలి.

1. చార్టు తెరవకముందు

సీపీటీ పుస్తకం (వైద్య సేవల కోడ్‌లు) ఏటా జనవరి 1న మారుతుంది. రోగనిర్ధారణ కోడ్‌ల పుస్తకం ప్రధానంగా అక్టోబర్ 1న మారుతుంది. ఏ కోడ్‌తో ఏ కోడ్ కలవకూడదో చెప్పే ఎన్‌సీసీఐ జాబితా మూడు నెలలకోసారి మారుతుంది. మీరు చూడాల్సింది కోడింగ్ చేస్తున్న తేదీకి చెల్లే పుస్తకం కాదు, సేవ జరిగిన తేదీకి చెల్లే పుస్తకం. సెప్టెంబర్ 30న జరిగిన పరీక్షను అక్టోబర్ 5న కోడ్ చేసే రోజున ఈ తేడా బయటపడుతుంది.

ఇవి చేతిలో లేకుండా మొదలుపెట్టకండి:

- పరీక్ష రాసిన వైద్యుడి ఆర్డర్, అందులో రాసిన కారణం
- సంతకమైన తుది రిపోర్టు (ముసాయిదా పనికిరాదు)
- మందు ఇచ్చిన రికార్డు: ఐసోటోప్ (అయోడిన్-123 లాంటి రేడియోధార్మిక రకం) పేరు, గుళికా ద్రవమా, మోతాదు, ఇచ్చిన తేదీ, సమయం
- అప్‌టేక్ కొలతల పట్టిక
- క్లయింట్ ఇచ్చిన కోడింగ్ నియమాల పత్రం
- ప్రైవేటు బీమా అయితే ముందస్తు అనుమతి సంఖ్య, ఆ అనుమతి ఏ కోడ్‌కు ఇచ్చారన్న వివరం

చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. అనుమతి 78013కు (బొమ్మ మాత్రమే) తీసుకుని పరీక్ష 78014గా (బొమ్మ, కొలత రెండూ) జరిగితే, కోడింగ్ ఎంత సరిగ్గా ఉన్నా డబ్బు ఆగుతుంది.

2. పరీక్ష గదిలో జరిగేది ఒకసారి కళ్లముందు పెట్టుకోండి

థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ కావాలి. అది కాస్త రేడియోధార్మికత ఉన్న అయోడినా, మామూలు అయోడినా అన్న తేడా గ్రంథికి తెలియదు. అందుకే రోగికి అయోడిన్-123 గానీ అయోడిన్-131 గానీ చిన్న మోతాదులో మింగించి, సాధారణంగా 4 నుంచి 6 గంటల తర్వాత ఒకసారి, 24 గంటల తర్వాత ఇంకోసారి మెడ దగ్గర ప్రోబ్ పెట్టి లెక్కిస్తారు. మింగిన దానిలో ఎంత శాతం గ్రంథిలోకి చేరిందో తేలుతుంది. అదే అప్‌టేక్. 24 గంటల దగ్గర దాదాపు 10 నుంచి 30 శాతం దాకా మామూలుగా తీసుకుంటారు. ప్రయోగశాలను బట్టి ఈ హద్దులు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

పట్టిక ఎలా ఉంటుందో చూడండి. మెడ దగ్గర నిమిషానికి 24,500 లెక్కలు. తొడ దగ్గర 600. ప్రమాణంగా పెట్టుకున్న గుళిక దగ్గర 40,000. ఖాళీ గదిలో 200. మెడ లెక్కలోంచి తొడ లెక్క తీసేస్తే 23,900. గుళిక లెక్కలోంచి గది లెక్క తీసేస్తే 39,800. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 60 శాతం. తొడ ఎందుకంటే, రక్తంలో తిరుగుతున్న అయోడిన్‌ను గ్రంథి ఖాతాలో వేయకుండా ఉండటానికి.

ఈ లెక్క కోడర్ చేయనక్కర్లేదు. కానీ పట్టికలో ఈ నాలుగు అంకెలు కనిపిస్తే పరిమాణం నిజంగా కొలిచారని మీకు రుజువు దొరికినట్టే. రిపోర్టులో ‘అప్‌టేక్ ఎక్కువగా ఉంది’ అన్న మాట మాత్రమే ఉండి శాతం ఎక్కడా లేకపోతే అది బొమ్మ చూసి చెప్పిన మాట. దాన్ని కొలతగా లెక్కించకూడదు.

బొమ్మ సంగతి వేరు. గామా కెమెరాతో మెడను ముందు నుంచి, రెండు ఏటవాలు కోణాల నుంచి తీస్తారు. గ్రంథి అంతటా మందు సమంగా పరచుకుందా, గడ్డ దగ్గర ఎక్కువ చేరిందా, అసలు చేరలేదా అన్నది బొమ్మ చెబుతుంది. దీనికి అయోడిన్-123 వాడవచ్చు, నరంలోకి ఇచ్చే టెక్నీషియం-99ఎం కూడా వాడవచ్చు.

3. మూడు కోడ్‌లలో ఒకటి

- 78012: కొలత మాత్రమే. ఒకసారి కొలిచినా పలుమార్లు కొలిచినా ఇదే.
- 78013: బొమ్మ మాత్రమే. రక్తప్రవాహం చూసినా అది ఇందులోనే కలిసి ఉంటుంది.
- 78014: బొమ్మ, కొలత రెండూ.

యూనిట్ 1 మాత్రమే. ఆరు గంటలకు ఒకటి, ఇరవై నాలుగు గంటలకు ఒకటి అని 78012ను రెండుసార్లు వేయకండి. ఒకటైనా పలుమార్లైనా ఒకే కోడ్ అని వర్ణనలోనే రాసి ఉంది. ప్రేరణ, అణచివేత, డిశ్చార్జి పరీక్షలు కూడా వర్ణనలో కలిసే ఉన్నాయి. పెర్‌క్లోరేట్ (డిశ్చార్జి పరీక్షలో వాడే మందు) ఇచ్చి మళ్లీ కొలిచారని ఇంకో కోడ్ వెతకక్కర్లేదు.

78012, 78013 రెండూ పక్కపక్కన వేయడమన్నది లేదు. రెండూ జరిగితే 78014. అప్‌టేక్ అయోడిన్-131తో చేసి బొమ్మ టెక్నీషియంతో తీసినా 78014 ఒక్కటే. కోడ్ వర్ణనలో ఐసోటోప్ పేరు లేదు. మారేది మందు కోడ్‌లే, అవి రెండు వస్తాయి.

రోగి మధ్యలో మానేస్తే? ఆరు గంటల కొలతకు వచ్చి మర్నాడు రాలేదనుకోండి. ఒక కొలత పూర్తయింది కాబట్టి 78012 పూర్తిగా చెల్లుతుంది, 52 మోడిఫైయర్ (సేవ తగ్గిందని చెబుతూ కోడ్ చివర చేర్చే రెండంకెల గుర్తు) అవసరం లేదు. 78014 కోసం పిలిచి, కొలత తీసి, కెమెరా చెడిపోయి బొమ్మ తీయలేకపోతే 78012కు దిగండి. మందు మింగి అసలు తిరిగి రాకపోతే కొలతా లేదు, కోడూ లేదు. మందు ఖర్చు సంగతి క్లయింట్‌ను అడగాలి.

పాత నోట్సు చదివి వచ్చేవారికి ఒక హెచ్చరిక. 78000, 78001, 78003, 78006, 78007, 78010, 78011 కోడ్‌లు 2013 జనవరి 1 నుంచి లేవు. కొన్ని శిక్షణ కాగితాల్లో ఇంకా కనిపిస్తాయి, చించేయండి.

పేరు చూసి మోసపోయే చోటు ఇంకొకటి ఉంది. రక్తపరీక్షల్లో ‘టీ3 అప్‌టేక్’ అని ఒకటి ఉంటుంది. దాని కోడ్ 84479. అది ప్రయోగశాలలో రక్తం మీద చేసేది, రోగి ఏమీ మింగడు. కొత్తలో ఒక చార్టులో ఆర్డర్ పేజీలో అప్‌టేక్ అన్న మాట చూసి నేను 78012 వేశాను. ఆడిటర్ ఏమీ అనలేదు. ‘ప్రోబ్ ఎక్కడ పెట్టారు?’ అని మాత్రం రాసి పంపించారు. ఆ చార్టులో మెడ ప్రస్తావనే లేదు. మిగతా రక్తపరీక్షలు టీఎస్‌హెచ్ 84443, ఫ్రీ టీ4 84439, మొత్తం టీ4 84436. ఇవి అప్‌టేక్‌తో పాటు ఒకే రోజు చేస్తే విడిగా వేయవచ్చు.

పారాథైరాయిడ్ స్కాన్ కూడా మెడ బొమ్మే. కానీ అది 78070, స్పెక్ట్‌తో (కెమెరా చుట్టూ తిరుగుతూ తీసే త్రీడీ బొమ్మతో) 78071, స్పెక్ట్-సీటీతో 78072. రిపోర్టు శీర్షికలో ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ‘పారా’, కంటికి ఆనకపోతే కుటుంబమే మారిపోతుంది.

4. క్యాన్సర్ చార్టు అయితే దారి వేరు

థైరాయిడ్ తీసేసిన రోగికి క్యాన్సర్ ఎక్కడికైనా పాకిందా అని చూసే స్కాన్‌కు పై మూడు కోడ్‌లూ పనికిరావు.

- 78015: మెడ, ఛాతీ మాత్రమే
- 78016: దానికి తోడు మూత్రంలో మందు కొలవడంలాంటి అదనపు పరీక్షలు
- 78018: శరీరమంతా
- 78020: మెడలో మిగిలిన కణజాలపు అప్‌టేక్ కొలత. ఇది అదనపు కోడ్, 78018తో కలిపి మాత్రమే వేయాలి.

శరీరమంతా స్కాన్ చేసి మెడలో 1.2 శాతం అప్‌టేక్ అని రాస్తే 78018, 78020. అక్కడ 78012 వేసేవారు కనీసం వారానికొకరు కనిపిస్తారు.

చికిత్స కోసం నోటి ద్వారా అయోడిన్-131 ఇస్తే 79005. ఆ తర్వాత కొన్ని రోజులకు తీసే స్కాన్ 78018. ఆ స్కాన్‌కు కొత్తగా మందు ఏదీ ఇవ్వలేదు, చికిత్సకిచ్చినదే ఇంకా శరీరంలో ఉంది. కాబట్టి స్కాన్ రోజున మందు కోడ్ వేయకూడదు.

స్కాన్‌కు ముందు థైరోట్రోపిన్ ఆల్ఫా (థైరాయిడ్ కణజాలాన్ని ప్రేరేపించే హార్మోన్) సూదులు ఇస్తే ఆ మందు జే3240, ఒక యూనిట్ 0.9 మిల్లీగ్రాములు. 24 గంటల తేడాతో రెండు సూదులు ఇస్తారు, అంటే రెండు తేదీల్లో ఒక్కొక్క యూనిట్, సూది వేసినందుకు ఒక్కొక్క 96372. ఈ రెండు లైన్లనూ ఒకే తేదీ కింద కుక్కితే డూప్లికేట్ అని తిరిగి వస్తాయి.

5. మందు కోడ్, యూనిట్ల లెక్క

డబ్బు పోయేదీ, ఎక్కువ వసూలు చేశారని నింద పడేదీ ఇక్కడే. అందుకే ఇక్కడ తొందర వద్దు.

- ఏ9516: అయోడిన్-123, పరీక్షకు, 100 మైక్రోక్యూరీలకు ఒక యూనిట్, 999 మైక్రోక్యూరీల వరకు
- ఏ9509: అయోడిన్-123, పరీక్షకు, ఒక మిల్లీక్యూరీకి ఒక యూనిట్
- ఏ9531: అయోడిన్-131, పరీక్షకు, ఒక మైక్రోక్యూరీకి ఒక యూనిట్, 100 మైక్రోక్యూరీల వరకు
- ఏ9528: అయోడిన్-131 గుళిక, పరీక్షకు, ఒక మిల్లీక్యూరీకి
- ఏ9529: అయోడిన్-131 ద్రవం, పరీక్షకు, ఒక మిల్లీక్యూరీకి
- ఏ9517: అయోడిన్-131 గుళిక, చికిత్సకు, ఒక మిల్లీక్యూరీకి
- ఏ9530: అయోడిన్-131 ద్రవం, చికిత్సకు, ఒక మిల్లీక్యూరీకి
- ఏ9512: టెక్నీషియం-99ఎం పెర్‌టెక్నిటేట్, ఒక మిల్లీక్యూరీకి

నాలుగు ప్రశ్నలు వరసగా అడగండి. ఏ ఐసోటోప్? పరీక్షకా, చికిత్సకా? గుళికా, ద్రవమా? మోతాదు ఏ కొలమానంలో ఉంది? మొదటి మూడూ ఏ కోడ్‌లలో వెతకాలో తేలుస్తాయి, నాలుగోది యూనిట్లను, కొన్నిచోట్ల కోడ్‌ను కూడా తేలుస్తుంది. అయోడిన్-123కు గుళికా ద్రవమా అన్న భేదం లేదు, మోతాదు మైక్రోక్యూరీల్లోనా మిల్లీక్యూరీల్లోనా అన్నదే తేడా.

కొలమానం మార్చడం నోటికి రావాలి. ఒక మిల్లీక్యూరీ అంటే 1,000 మైక్రోక్యూరీలు, అంటే 37 మెగాబెక్వెరల్‌లు. మెగాబెక్వెరల్‌లను 37తో భాగిస్తే మిల్లీక్యూరీలు. 0.037తో భాగిస్తే మైక్రోక్యూరీలు.

కొన్ని లెక్కలు:

- అయోడిన్-123, 200 మైక్రోక్యూరీలు: ఏ9516, 2 యూనిట్లు
- అయోడిన్-123, 14.8 మెగాబెక్వెరల్‌లు: 400 మైక్రోక్యూరీలు, ఏ9516, 4 యూనిట్లు
- అయోడిన్-131, 10 మైక్రోక్యూరీలు, అప్‌టేక్ కోసం: ఏ9531, 10 యూనిట్లు
- అయోడిన్-131 గుళిక, 4 మిల్లీక్యూరీలు, శరీరమంతా స్కాన్ కోసం: ఏ9528, 4 యూనిట్లు
- అయోడిన్-131 గుళిక, 1,110 మెగాబెక్వెరల్‌లు, చికిత్సకు: 30 మిల్లీక్యూరీలు, ఏ9517, 30 యూనిట్లు

మోతాదు యూనిట్లకు సరిగ్గా సరిపోకపోతే మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) నియమం ప్రకారం పై యూనిట్‌కు వెళ్లాలి. 215 మైక్రోక్యూరీలు అంటే 2 కాదు, 3 యూనిట్లు. బడిలో నేర్చుకున్న సగం కంటే తక్కువైతే వదిలేయాలన్న సూత్రం ఇక్కడ చెల్లదు.

ఇంకో చిక్కు. అయోడిన్-123 అర్ధాయువు దాదాపు 13 గంటలు. మధ్యాహ్నం 12 గంటలకు 200 మైక్రోక్యూరీలు ఉంటుందని సీసా మీద రాసిన గుళికను ఉదయం 9 గంటలకు మింగిస్తే అందులో అప్పటికి సుమారు 234 ఉంటుంది. సీసా మీది అంకె వేరు, పరికరంలో పెట్టి కొలిచిన అంకె వేరు. మందు ఇచ్చిన రికార్డులో నమోదైన మోతాదునే తీసుకోండి. ఆర్డర్‌లో అడిగినదాన్ని కాదు, లేబుల్ మీది దాన్నీ కాదు. రికార్డులో అంకె లేకపోతే ఊహించి నింపకుండా క్వెరీ (ప్రశ్న) పంపండి.

ఆస్పత్రి అవుట్‌పేషెంట్ క్లెయిమ్‌లో పరీక్షకు వాడే మందులకు మెడికేర్ సాధారణంగా విడిగా డబ్బు ఇవ్వదు, పరీక్ష ధరలోనే కలిపేస్తుంది. 2025లో, రోజు ఖర్చు ఆ ఏటి హద్దు 630 డాలర్లు దాటే మందులకు మాత్రం విడిగా ఇవ్వడం మొదలుపెట్టింది. డబ్బు రాదు కదా అని మందు లైన్ వదిలేయకండి. రేపటి ధరలు లెక్కగట్టేది ఈ రోజు క్లెయిమ్‌లలో కనిపించిన ఖర్చుల నుంచే.

6. రోగనిర్ధారణ కోడ్

ఎక్కువగా చేతికొచ్చేవి ఇవి:

- గ్రేవ్స్ వ్యాధి: ఈ05.00
- ఒకే విషపు గడ్డ (హార్మోన్‌ను అతిగా విడుదల చేసేది): ఈ05.10
- పలు విషపు గడ్డలు: ఈ05.20
- కారణం తేలని హైపర్‌థైరాయిడిజం: ఈ05.90
- విషం కాని ఒకే గడ్డ: ఈ04.1, పలు గడ్డలు: ఈ04.2
- సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్: ఈ06.1
- థైరాయిడ్ పరీక్షల ఫలితాల్లో తేడా: ఆర్94.6
- థైరాయిడ్ క్యాన్సర్: సి73, నయమైన తర్వాత చరిత్రగా: జెడ్85.850

ఈ05 కుటుంబంలో చివరి అంకె 0 అయితే థైరాయిడ్ తుఫాను లేదని, 1 అయితే ఉందని. అలవాటు కొద్దీ 1 నొక్కితే గుండె దడతో నడిచి వచ్చిన మనిషిని ఐసీయూ రోగిని చేసినట్టు.

అవుట్‌పేషెంట్‌లో అనుమానాలకు కోడ్ వేయకూడదని అందరూ చెబుతారు. ఏ మాటలు అనుమానం కిందకు వస్తాయో తెలుసుకున్నవారు తక్కువ. ‘కావచ్చు’, ‘అనుమానం’ సరే. ‘గ్రేవ్స్ వ్యాధితో సరిపోలుతోంది’, ‘అనుగుణంగా ఉంది’ అన్న అర్థమిచ్చే మాటలు కూడా మార్గదర్శకాల్లో అదే జాబితాలో ఉన్నాయి. న్యూక్లియర్ మెడిసిన్ రిపోర్టుల్లో సగానికి సగం ఈ భాషలోనే ముగుస్తాయి. వైద్యుడికి అది నిర్ధారణలా వినిపిస్తుంది, మనకు కాదు.

అప్పుడు ఆర్డర్‌లో ఉన్న నిర్ధారణకు, అదీ లేకపోతే లక్షణాలకు వెళ్లండి: గుండె దడ ఆర్00.2, బరువు తగ్గడం ఆర్63.4, వణుకు ఆర్25.1. రిపోర్టులో నిర్ధారణ తేటగా ఉంటే దాన్నే వేసి, దానికి సంబంధించిన లక్షణాలను వదిలేయాలి.

సి73, జెడ్85.850 మధ్య తగాదా చాలా పాతది. శస్త్రచికిత్స అయిపోయినా, మిగిలిన దాన్ని కాల్చడానికి అయోడిన్ చికిత్స ఇంకా నడుస్తుంటే సి73. చికిత్సంతా ముగిసి, వ్యాధి ఆనవాలు లేక, కేవలం కనిపెట్టి చూడటానికి వస్తే జెడ్08, జెడ్85.850. గ్రంథి తీసేసినందువల్ల వచ్చిన హైపోథైరాయిడిజానికి ఈ89.0.

7. ఎవరి క్లెయిమ్, ఏ మోడిఫైయర్, ఏ తేదీ

ఆస్పత్రిలో జరిగిన పరీక్షకు వైద్యుడు రిపోర్టు మాత్రమే రాస్తే వైద్యుడి క్లెయిమ్‌లో 26 మోడిఫైయర్ (వైద్యుడి భాగం మాత్రమే అని), స్థలం కోడ్ (సేవ జరిగిన చోటు) 22. ఇన్‌పేషెంట్ అయితే 21. మందు కోడ్ వైద్యుడి క్లెయిమ్‌లో ఉండకూడదు, కొన్నది ఆస్పత్రి. ఆస్పత్రి తన క్లెయిమ్‌లో మోడిఫైయర్ లేకుండా కోడ్ వేస్తుంది. పరీక్ష లైన్‌కు రెవెన్యూ కోడ్ (ఖర్చు ఆస్పత్రిలో ఏ విభాగానిదో చెప్పేది) 0341, పరీక్ష మందుకు 0343. చికిత్స అయితే 0342, చికిత్స మందుకు 0344.

సొంత పరికరాలున్న క్లినిక్‌లో అన్నీ ఒకరే చేస్తే మోడిఫైయర్ లేకుండా మొత్తం కోడ్, స్థలం 11, మందు కోడ్ కూడా వారిదే. అదే రోజు వైద్యుడు విడిగా పరీక్షించి చూసి ఉంటే విజిట్ కోడ్‌కు 25 మోడిఫైయర్.

రెండు రోజుల పరీక్షకు తేదీ ఏది? మందు లైన్‌కు మందు ఇచ్చిన తేదీ. మెడికేర్ లెక్కలో వైద్యుడి భాగానికి రిపోర్టు చూసి పూర్తి చేసిన తేదీ. పరీక్ష లైన్‌కు కొందరు క్లయింట్లు పూర్తయిన రోజు అంటారు, కొందరు మొదటి రోజు అంటారు. క్లయింట్ పత్రంలో రాసినదాన్ని పాటించండి. రాసి లేకపోతే అడిగి రాయించుకోండి. మందూ పరీక్షా ఒకే క్లెయిమ్‌లో వెళ్లేలా మాత్రం చూడండి.

గర్భం లేదని తేల్చే మూత్ర పరీక్ష అక్కడే చేస్తే 81025, గర్భం లేదని ఫలితం వస్తే జెడ్32.02. చిన్న లైనే, కానీ తరచూ మరచిపోయేది.

8. ఒక చార్టు

34 ఏళ్ల మహిళ. ఆర్డర్‌లో ‘థైరాయిడ్ స్కాన్, హైపర్‌థైరాయిడిజం, గుండె దడ, కారణం తేల్చాలి’ అని ఉంది. సోమవారం ఉదయం 9 గంటలకు అయోడిన్-123 గుళిక, 7.8 మెగాబెక్వెరల్‌లు. ఆరు గంటల తర్వాత 38 శాతం, 24 గంటల తర్వాత 60 శాతం. మూడు కోణాల్లో బొమ్మలు. ముగింపు: గ్రంథి అంతటా సమంగా, అధికంగా అప్‌టేక్, గ్రేవ్స్ వ్యాధికి అనుగుణం.

ఆర్డర్ స్కాన్ అన్నది. అది చూసి ఆగితే 78013. రిపోర్టులో శాతాలూ ఉన్నాయి, బొమ్మలూ ఉన్నాయి, కాబట్టి 78014, యూనిట్ 1. ఆర్డర్‌లో అప్‌టేక్ అన్న మాట లేదు కనుక కొలతకు ఆర్డర్ ఉందో లేదో క్లయింట్ నియమం చూసి, అవసరమైతే సరిదిద్దిన ఆర్డర్ కోరండి.

మందు: 7.8ను 0.037తో భాగిస్తే దాదాపు 211 మైక్రోక్యూరీలు. ఏ9516, 3 యూనిట్లు.

నిర్ధారణ: ‘అనుగుణం’ అన్నది అనుమానం భాష, ఈ05.00 వద్దు. ఆర్డర్‌లో హైపర్‌థైరాయిడిజం తేటగా ఉంది, ఈ05.90. దడ దాని లక్షణమే, విడిగా వద్దు.

ఆస్పత్రి క్లెయిమ్‌లో 0341 కింద 78014, 0343 కింద ఏ9516 మూడు యూనిట్లు. వైద్యుడి క్లెయిమ్‌లో 78014కు 26 మోడిఫైయర్, స్థలం 22. తర్వాతి వారం ఎండోక్రైనాలజిస్టు తన నోట్‌లో గ్రేవ్స్ అని నిర్ధారిస్తే ఆ విజిట్‌కు ఈ05.00 వస్తుంది. ఈ క్లెయిమ్‌ను వెనక్కి వెళ్లి మార్చక్కర్లేదు.

9. పంపే ముందు ఒక్క నిమిషం

- శాతం కనిపించిందా? బొమ్మ వర్ణన కనిపించిందా? కోడ్ వాటికి సరిపోయిందా?
- యూనిట్ 1 దాటిందా? దాటితే తప్పు (మందు లైన్ మినహా).
- మైక్రోక్యూరీ, మిల్లీక్యూరీ తారుమారయ్యాయా? ఏ9531కు 1 యూనిట్ అని ఉంటే మళ్లీ చూడండి.
- చికిత్స మందు కోడ్ పరీక్షకు పడిందా?
- వైద్యుడి క్లెయిమ్‌లో మందు లైన్ చొరబడిందా?
- నరంలోకి టెక్నీషియం ఎక్కించినందుకు విడిగా సూది కోడ్ వేశారా? తీసేయండి, అది పరీక్షలో భాగమే.
- 78020 ఒంటరిగా ఉందా?

10. తిరిగి వస్తే

క్లెయిమ్‌ను తిప్పి పంపేటప్పుడు బీమా సంస్థ ఒక కారణపు కోడ్ రాస్తుంది. వాటిలో సీవో-97 అంటే మరో సేవలో కలిసిపోయిందని. ఈ కుటుంబంలో అది వస్తే దాదాపు ఎప్పుడూ 78012, 78013 పక్కపక్కన ఉంటాయి. 59 మోడిఫైయర్ (ఇది విడి సేవ అని చెప్పేది) అంటించి మళ్లీ పంపడం పరిష్కారం కాదు, ఆడిట్‌కు ఆహ్వానం. రెండూ తీసి 78014 వేసి సరిచేసిన క్లెయిమ్ పంపండి.

సీవో-18 డూప్లికేట్. రెండు రోజులకు రెండు 78012లు వేశారేమో చూడండి. ఆస్పత్రి క్లెయిమ్ ఉండగా వైద్యుడు కూడా 26 లేకుండా పంపినా ఇలాంటి గొడవే, అది ఒక్కోసారి సీవో-4 రూపంలో వస్తుంది.

సీవో-11 నిర్ధారణ కోడ్ పరీక్షకు పొసగలేదని, సీవో-50 వైద్యపరంగా అవసరం కనిపించలేదని. ముందు ఆర్డర్ మళ్లీ చదవండి. లక్షణం వేసిన చోట ఆర్డర్‌లో నిర్ధారణ ఉందా? ఉంటే సరిదిద్దండి. లేకపోతే టీఎస్‌హెచ్ ఫలితం, వైద్యుడి నోట్ జతచేసి అప్పీలుకు వెళ్లండి. డబ్బు కోసం చార్టులో లేని నిర్ధారణను తెచ్చిపెట్టడం మాత్రం ఏ క్లయింట్ అడిగినా చేయకూడదు.

గడువులు గుర్తుంచుకోండి. మెడికేర్‌కు మొదటి క్లెయిమ్ సేవ తేదీ నుంచి ఒక ఏడాదిలోపు చేరాలి. తిరస్కరణ అందిన నాటి నుంచి 120 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. యూనిట్లు తప్పు టైప్ చేయడంలాంటి గుమాస్తా పొరపాట్లకు అప్పీలు అక్కర్లేదు, క్లెయిమ్‌ను తిరిగి తెరవమని అడిగితే చాలు. ప్రైవేటు బీమా సంస్థల గడువులు ఒప్పందాన్ని బట్టి ఉంటాయి, చాలావాటిలో అవి ఏడాది కంటే తక్కువే.

అమెరికాలో ఉంటున్న మనవారికి ఇలాంటి బిల్లు వచ్చి, అంకె చూసి గుండె ఆగినంత పనైతే, ముందు లైన్ల వారీ బిల్లు అడిగి తీసుకోవాలి. అందులో 78012, 78013 రెండూ ఉంటే ఆ రెండింటి బదులు 78014 రావాలని బిల్లింగ్ విభాగానికి రాసి పంపవచ్చు. 78014కు ఆస్పత్రి లైన్ ఒకటి, వైద్యుడి లైన్ ఒకటి వేర్వేరు బిల్లుల్లో కనిపించడం తప్పు కాదు. మందు యూనిట్లను తమ రిపోర్టులోని మోతాదుతో పోల్చి చూసుకోవాలి. 10 మైక్రోక్యూరీలు మింగినవారికి ఏ9531 పది యూనిట్లు ఉంటే అది సరైనదే. ఏ9528 పది యూనిట్లు ఉంటే మాత్రం వెంటనే ఫోను చేయాలి.